లెక్కలు రాని పిల్లలు మొద్దులు కారు
డిస్‌కాలిక్యులియా గురించి కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

శ్రీహరికోట పేరు చెప్పగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది కౌంట్‌డౌన్. పది, తొమ్మిది, ఎనిమిది అంటూ అంకెలు వెనక్కి నడుస్తాయి, సున్నా దగ్గర రాకెట్టు లేస్తుంది. 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న రాకెట్టుతో ఈ దీవిలో ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 ఇక్కడినుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడినుంచే బయలుదేరింది. సూళ్లూరుపేట, తడ, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లో మిద్దెల మీద నిలబడి ఆ పొగచారను చూడని పిల్లలు ఉండరు. చూసి వచ్చి కౌంట్‌డౌన్ ఆట ఆడుకోని పిల్లలు కూడా తక్కువే.

ఆ ఆటను ఈసారి కాస్త శ్రద్ధగా గమనించండి. ఒకటి నుంచి ఇరవై వరకు గడగడా అప్పజెప్పే పిల్లవాడు పది నుంచి వెనక్కి రమ్మంటే ఎనిమిది దగ్గర ఆగిపోతాడు. మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుని, ఎనిమిదికి ముందు ఏముందో వేళ్ళ మీద వెతుక్కుంటాడు. నాలుగైదేళ్ళ వయసులో ఇది మామూలే. మూడో తరగతికి వచ్చాక కూడా అలాగే ఉంటే, బాగా చెప్పేవారు దొరికినా ఉంటే, అది బద్ధకం కాకపోవచ్చు. దానికి వైద్యంలో ఒక పేరు ఉంది. ఆ పేరే డిస్‌కాలిక్యులియా. తెలుగులో గణన వైకల్యం అనవచ్చు.

కడుపునొప్పితో వచ్చిన పాప

పిల్లల ఓ.పి.కి ఇలాంటివారు చాలామంది వస్తారు. కనుక పేరూ ఊరూ లేకుండా, వారందరి కథను ఒక పాప కథగా చెబుతాము.

పాపకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. పొద్దున్నే కడుపునొప్పి. నెల రోజులుగా ఇదే వరస. పురుగుల మందు ఇచ్చారు, మూత్ర పరీక్ష చేయించారు, స్కాన్ తీయించారు. అన్నీ నార్మల్. ఆదివారం నొప్పి రాదు, సెలవుల్లో రాదు. ఏయే రోజుల్లో వస్తోందో రాసుకుని రమ్మంటే అసలు సంగతి తేలింది. మొదటి పీరియడ్ లెక్కలు ఉన్న రోజునే నొప్పి.

"తెలుగు పాఠం ఒక్కసారి వింటే చెప్పేస్తుంది మేడమ్. పాటలు పాడుతుంది, బొమ్మలు వేస్తుంది. లెక్కలకాడికి వచ్చేసరికే మొద్దుబారిపోతుంది. నిన్న వచ్చిన ఎక్కం ఇయ్యాల రాదు. కావాలనే చేస్తుందని వాళ్ళ నాయన కొట్టాడు కూడా" అని తల్లి చెప్పింది. నొప్పి నటన కాదు. భయం వల్ల పిల్లలకు నిజంగానే కడుపు నొస్తుంది, వాంతి వస్తుంది, తల తిరుగుతుంది.

ఇక్కడ ఒక్క మాట. "నిన్న వచ్చింది, ఈరోజు రాదంటే కావాలనే కదా" అన్నది చాలామంది తల్లిదండ్రులు వేసే ప్రశ్న. ఈ లోపం ఉన్న పిల్లల్లో తరచుగా కనిపించే లక్షణమే అది. ఎక్కాన్ని అర్థం లేని శబ్దంగా గుర్తుపెట్టుకుంటారు కనుక అది మనసులో నిలవదు. రాత్రి అప్పజెప్పిన ఏడో ఎక్కం తెల్లారేసరికి పోతుంది. పాప అబద్ధమాడడం లేదు.

డిస్‌కాలిక్యులియా అంటే ఏమిటి?

కిడ్నీ స్కాన్ రిపోర్టులో "కాలిక్యులస్" అన్న మాట మీలో కొందరు చూసే ఉంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు చిన్న రాయి అని అర్థం. పూర్వం రోమన్లు గులకరాళ్ళతో లెక్కపెట్టేవారు. అందువల్ల లెక్క కట్టడానికీ మూత్రపిండంలోని రాయికీ పేరు ఒక్కచోటినుంచే వచ్చింది. డిస్ అంటే సరిగా జరగకపోవడం.

తెలివితేటలు మామూలుగానే ఉండి, చూపు, వినికిడి బాగుండి, బడికి సక్రమంగా వెళ్తూ ఉన్నప్పటికీ, సంఖ్యలను అర్థం చేసుకోవడంలోనూ లెక్కలు చేయడంలోనూ చిన్ననాటినుంచి ఉండే ప్రత్యేకమైన ఇబ్బందే ఇది. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. 2007లో వచ్చిన "తారే జమీన్ పర్" సినిమా వల్ల ఆ పేరు ఊరూరా తెలిసింది. ఆ సినిమాలోని పిల్లవాడు మూడు తొమ్మిదులకు జవాబుగా మూడు అని వేస్తాడు. అయినా లెక్కల లోపానికి అంతటి ప్రచారం రాలేదు. చదవలేని పిల్లవాడిని చూసి జాలిపడేవారు కూడా లెక్కలు రానివాడిని చూసి "శ్రద్ధ లేదు" అనేస్తారు.

1974లో స్లొవేకియాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లాడిస్లావ్ కోష్ట్స్ దీనిని ఒక ప్రత్యేక లోపంగా వివరించాడు. 1996లో ఇజ్రాయెల్‌లో మూడు వేల మందికి పైగా బడిపిల్లలను పరీక్షిస్తే నూటికి 6.5 మందిలో కనిపించింది. వివిధ దేశాల అంచనాలు ఎక్కువగా నూటికి మూడు నుంచి ఏడు మధ్య ఉంటాయి. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో. మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ ఇంచుమించు సమానమే. కానీ "ఆడపిల్లకు లెక్కలెందుకు" అని వదిలేసే ఇళ్ళలో ఆడపిల్లల లోపం ఎవరి కంటా పడదు.

మెదడులో జరిగేది ఏమిటి?

అరచేతిలో మూడు చింతపిక్కలు వేసుకుని చూడండి. మీరు లెక్కపెట్టరు. చూడగానే మూడు అని తెలిసిపోతుంది. నాలుగు వరకు ఇలా తెలుస్తుంది. ఆ పైన లెక్కపెట్టాలి. ఈ శక్తి మనకు ఎవరూ నేర్పలేదు. పసిబిడ్డల్లో కూడా దాని ఛాయలు ఉంటాయి. మెదడు పైభాగంలో, చెవికి పైన కొంచెం వెనుకగా ఉండే ప్రాంతంలో ఒక మడత ఈ పనిలో ముఖ్యపాత్ర వహిస్తుంది. డిస్‌కాలిక్యులియా ఉన్న పిల్లల్లో ఆ ప్రాంతం పనిచేసే తీరులో తేడా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. ఇలాంటి పిల్లలు మూడు పిక్కలను కూడా ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టవచ్చు. తొమ్మిది పెద్దదా ఆరు పెద్దదా అని అడిగితే ఆలోచిస్తారు. మనకు "ఐదు" అనగానే ఒక గుప్పెడు కనిపిస్తుంది. వారికి ఒక గీత మాత్రమే కనిపిస్తుంది.

ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. నెలలు నిండకుండా, చాలా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లోనూ, గర్భంలో మద్యం ప్రభావానికి గురైన పిల్లల్లోనూ, టర్నర్ సిండ్రోమ్ వంటి జన్యు సమస్య ఉన్న ఆడపిల్లల్లోనూ ఎక్కువగా చూస్తాము. చాలామందిలో కారణం ఇదీ అని వేలు పెట్టి చూపలేము. గ్రహణం రోజు తల్లి బయటకు వచ్చినందువల్ల రాదు. పాలు తక్కువైనందువల్ల రాదు. పెంపకంలో తప్పు వల్ల అసలే రాదు. ఈ మాట తల్లులకు గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఎందుకంటే ఇంట్లో నింద ముందుగా వారిమీదే పడుతుంది.

ఏ వయసులో ఏమి గమనించాలి?

బడికి పోకముందు ఐదు చాక్లెట్లు తెమ్మంటే గుప్పెడు తెచ్చి ఇవ్వడం, ఒకే వస్తువును రెండుసార్లు లెక్కపెట్టడం వంటివి ఉంటాయి. ఇవి ఒక్కొక్కటిగా చూస్తే పెద్ద విషయాలు కావు. రెండు, మూడు తరగతులకు వచ్చాక బయటపడుతుంది. 4+3 అంటే నాలుగు తర్వాత ఐదు, ఆరు, ఏడు అని కొనసాగించరు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. కూడికకూ తీసివేతకూ గుర్తులు మారిపోతాయి. నూట ఐదును 1005 అని రాస్తారు. 52 లోంచి 17 తీయమంటే పదుల స్థానం దగ్గర అప్పు తెచ్చుకోవడం ఎందుకో ఎన్నిసార్లు చెప్పినా తెలియదు. రెండు లోంచి ఏడు పోదు కనుక ఏడు లోంచి రెండు తీసేసి 45 అని వేస్తారు. పాప నోటుపుస్తకం నిండా ఇవే.

పెద్ద తరగతుల్లో గడియారం చూడలేకపోవడం, దుకాణంలో చిల్లర ఎంత రావాలో తెలియక పెద్ద నోటు ఇచ్చేసి ఇచ్చింది తీసుకోవడం, ఆటలో పాయింట్లు లెక్కపెట్టే పని తప్పించుకోవడం, అరగంట ఎంతసేపో అంచనా లేకపోవడం చూస్తాము. కొందరికి కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. నెల్లూరు సీమలో రొయ్యల గుంటల మీద బ్రతికే కుటుంబాల్లో ఇంకొక తమాషా ఉంది. రొయ్యను "కౌంట్"తో చెబుతారు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. కనుక 30 కౌంట్ రొయ్య పెద్దది, 100 కౌంట్ రొయ్య చిన్నది. మామూలు పిల్లలకే ఈ తిరకాసు కొన్నాళ్ళు పడుతుంది. అంకెకూ పరిమాణానికీ ముడి పడని పిల్లవాడికి గుంట గట్టున తండ్రి చెప్పే లెక్క ఎంత గందరగోళమో ఆలోచించండి.

ఈ పిల్లల్లో కొందరికి డిస్లెక్సియా కూడా ఉంటుంది, కొందరికి నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉంటాయి. పైన చెప్పిన ఇజ్రాయెల్ పరిశీలనలో నాలుగో వంతు మందికి ఈ రెండో రకం లక్షణాలు ఉన్నాయి. అందువల్ల ఒకటి కనిపిస్తే రెండోదాని కోసం కూడా చూడాలి.

లెక్కలు రానివారందరికీ ఇదేనా?

కాదు. ఇది తప్పక గుర్తుంచుకోండి. లెక్కల్లో వెనుకబడిన పిల్లల్లో ఎక్కువమందికి ఈ లోపం ఉండదు. బోర్డు కనిపించక కొందరు, చెవిలో చీము వల్ల సరిగా వినపడక కొందరు, రక్తహీనతతోనో థైరాయిడ్ లోపంతోనో మందకొడిగా ఉండి కొందరు వెనుకబడతారు. చూపు నిలిచిపోయి కొన్ని క్షణాలు ఏమీ తెలియని ఒక రకం మూర్ఛ ఉంది. టీచరు అది పరధ్యానం అనుకుంటారు. బడి మారినవారు, జబ్బు చేసి నెలల తరబడి పోనివారు, 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు పునాది తరగతులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. టీచరు భయం ఉన్నవారు సరేసరి. అందుకే ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష, పిల్లల డాక్టరు పరీక్ష జరగాలి. తర్వాత కనీసం ఆరు నెలలు ప్రత్యేకంగా చెప్పి చూడాలి. అప్పటికీ ఇబ్బంది మిగిలితే సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, చదువు, రాత, లెక్కల పరీక్షలు విడివిడిగా చేస్తారు. మన దేశంలో ఇందుకు బెంగుళూరు నిమ్హాన్స్ వారు తయారుచేసిన పరీక్షల సముదాయాన్ని వాడతారు.

దీనిని కనిపెట్టే రక్త పరీక్ష లేదు. తల స్కాన్‌లో "డిస్‌కాలిక్యులియా ఉంది" అని రాదు. నయం చేసే మాత్ర, టానిక్కు, లేహ్యం ఏవీ లేవు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని అమ్మే సీసాల మీద పెట్టే డబ్బు గుడ్లకూ పాలకూ పెట్టండి.

ఇంట్లో ఏమి చేయాలి?

మొదటిది, కొట్టడం ఆపాలి. భయపడిన మెదడుకు, వచ్చిన లెక్క కూడా రాదు. అంకెలను చేతిలో పట్టుకుని చూసుకునే జాగా మనసులో కొంచెమే ఉంటుంది. భయం వచ్చి ఆ జాగాలో కూర్చుంటుంది. రెండు గంటల ట్యూషన్ తర్వాత ఇంకొక గంట ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల కూడా ఉపయోగం లేదు. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. కానీ రోజూ ఉండాలి.

రెండవది, వస్తువులతో మొదలుపెట్టాలి. పుస్తకంలో ఉన్నది 7. అది చేతిలో ఏడు గవ్వలు కావాలి, తర్వాత పలకమీద ఏడు చుక్కలు కావాలి, ఆ తర్వాతే 7 అనే అంకె. చాలా బడుల్లో మూడో మెట్టునుంచి మొదలుపెడతారు. మనకు గవ్వలకేమి కొదువ? సముద్రం పక్కనే ఉంది. చింతపిక్కలు, గులకరాళ్ళు, గుడ్లు పెట్టే అట్టట్రే చాలు. ట్రేను పది గుంటలు ఉండేటట్టు రెండు వరసలుగా కత్తిరించండి. ఎనిమిది పిక్కలు వేస్తే రెండు గుంటలు ఖాళీగా కనిపిస్తాయి. "పదికి ఇంకా రెండు తక్కువ" అన్నది పిల్ల కంటితో చూస్తుంది. అది చూడగలిగితే 8+5 ఎందుకు 13 అవుతుందో ఎక్కం లేకుండానే తెలుస్తుంది.

ఒకట్లు, పదులు, వందలకు డబ్బు కంటే మంచి సాధనం లేదు. రూపాయి బిళ్ళలు, పది నోట్లు, వంద నోటు ఒకటి ముందు పెట్టుకోండి. పది బిళ్ళలు ఇచ్చి ఒక నోటు తీసుకోవడం, నోటు ఇచ్చి బిళ్ళలు మార్చుకోవడం ఆటగా ఆడండి. 52 లోంచి 17 ఇవ్వాలంటే ఒక పది నోటు మార్చక తప్పదు. బోర్డు మీద పాతికసార్లు చెప్పినా ఎక్కని "అప్పు తెచ్చుకోవడం" అక్కడ ఎక్కుతుంది. పాప విషయంలో ఈ పని చేసింది వాళ్ళ అవ్వ. సంతలో ఎండు చేపలు అమ్మే మనిషి. బడికి పోలేదు గానీ చిల్లర లెక్కలో ఎవరికీ తీసిపోదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చిల్లర ఇప్పించింది. తప్పు ఇస్తే తిట్టలేదు, "ఇంకోసారి చూడమ్మా" అన్నది. కడుపునొప్పి తగ్గడానికి మా మందులకంటే ఆవిడే ఎక్కువ చేసిందని ఒప్పుకోవాలి.

మన పాత ఆటలు మరువకండి. వామనగుంటల్లో గింజలు ఒక్కొక్కటిగా పంచుతూ పోవడం, అష్టాచెమ్మాలో పడిన గవ్వల లెక్కన గళ్ళు నడవడం చాలా మంచి అభ్యాసాలు. 2008లో సీగ్లర్, రమణి అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది వరకు గళ్ళు ఉన్న ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, ప్రతిసారీ పదిహేను నిమిషాలు. అంతకే వారి సంఖ్యాజ్ఞానం మెరుగుపడింది. ఆ పిల్లలకు ఈ లోపం ఉందని కాదు, కానీ పద్ధతి ఉపయోగపడేదే. వైకుంఠపాళి కూడా మంచిదే గానీ అందులో వరసలు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతాయి. మొదట్లో అది తికమక పెడుతుంది. ముందు వాకిట్లో ముగ్గుతో నేరుగా ఒక గీత గీసి పది గళ్ళు వేయండి. అడుగు వేసిన ప్రతి గడి పేరూ పైకి చెప్పించండి. ముందుకు నడక వచ్చాక వెనక్కి నడిపించండి. కౌంట్‌డౌన్ అలా కాళ్ళతో నేర్చుకోవచ్చు.

తెలుగు అంకెల పేర్లు మనకు ఒక వరం. పదమూడు అంటే అందులో పదీ మూడూ వినిపిస్తాయి. ఇరవై ఒకటి, ముప్పై నాలుగు అన్నీ అంతే, పెద్దది ముందు, చిన్నది వెనుక, రాసే వరసలోనే పలుకుతాము. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ ఒకేలా వినిపిస్తాయి, థర్టీన్‌లో మూడు ముందు వస్తుంది. అందుకే ఇంగ్లీషు మీడియం పిల్లలు 13కు 31, 30 అని రాస్తుంటారు. ఇంట్లో తెలుగులో లెక్కపెడితే చదువు చెడిపోతుందని భయపడకండి. ముందు అర్థం తెలుగులో కుదిరితే పేరు తర్వాత మార్చుకోవచ్చు. పన్నెండు, పంతొమ్మిది దగ్గర మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి. వాటిలో పది అంత స్పష్టంగా వినిపించదు.

వేళ్ళమీద లెక్కపెడితే "ఇంత పెద్దదానివి" అని వెక్కిరించకండి. వేళ్ళు వారికి ఊతకర్ర. అంకెలు వరస తప్పకుండా గళ్ళ పుస్తకంలో రాయించండి. పేజీకి రెండు మూడు లెక్కలు చాలు. స్టాప్‌వాచ్ పెట్టి, నిమిషానికి ఎన్ని చేశావు అనే పోటీలకు పంపకండి. ఎక్కాల పట్టిక పక్కన ఉంచుకోనివ్వండి. పెద్ద తరగతుల్లో కాలిక్యులేటర్ ఇస్తే సోమరి అవుతారేమోనని కొందరు టీచర్లు సందేహిస్తారు. చూపు తక్కువైనవాడికి కళ్ళజోడు ఇస్తే సోమరి అవుతాడా?

"ఫలానా శాస్త్రవేత్తకు కూడా చిన్నప్పుడు లెక్కలు రావు" అని పిల్లలకు ధైర్యం చెబుతుంటారు. ఆ కథల్లో చాలావాటికి ఆధారం ఉండదు. దానికంటే పిల్లకు నిజంగా వచ్చినది ఏమిటో చెప్పండి. పాపకు బొమ్మలు వచ్చు. రాకెట్ కేంద్రంలో కూడా లెక్కలు కట్టేవారు మాత్రమే ఉండరు. వెల్డింగు చేసేవారు, బండ్లు నడిపేవారు, వంటవారు, నర్సులు, ఫొటోలు తీసేవారు అందరూ ఉంటేనే ఆ కౌంట్‌డౌన్ సున్నా దాకా వస్తుంది. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆపేశారు. లోపం ఎక్కడుందో చూసి, సరిచేసి, వారం తర్వాత 22న పంపారు. ఆపినందుకు ఎవరూ రాకెట్టును కొట్టలేదు.

పెద్దలకు కూడా ఉంటుంది, మందుల దగ్గర జాగ్రత్త

ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది రోగి పక్కన కూర్చున్నవారు. కనుక ఈ భాగం మీకోసం. డిస్‌కాలిక్యులియా వయసుతో పాటు పోదు. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని ఎందరో ఇప్పుడు తల్లులు, తండ్రులు. మీకు చీటీ మీద 1-0-1 అని రాసినది చూస్తే తికమకగా ఉంటే సిగ్గుపడకండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని దాని అర్థం. సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇమ్మని నర్సును అడగండి. పిల్లల జ్వరం మందు పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది. చూడడానికి ఒకేలా ఉంటాయి. సీసా మారితే కొలత మారుతుంది. కొలత గిన్నె మీద ఎంతవరకు పోయాలో అక్కడ ప్లాస్టర్ ముక్క అంటించి ఇమ్మనండి.

ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మన దేశంలో 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు. 40 దానికి సాధారణంగా ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. ఒకదాని మందును ఇంకొకదానితో ఎక్కిస్తే మోతాదు రెండింతలకు పైగా పెరగవచ్చు, లేదా సగం కంటే తగ్గవచ్చు. ఇంటికి వెళ్ళేముందు నర్సు ఎదుట మీ చేతులతో ఒకసారి తీసి చూపించండి. "అర్థమైందా" అని అడిగితే అందరం తల ఊపుతాము, చేసి చూపించినప్పుడే తెలుస్తుంది.

ఇంకొక ముఖ్యమైన తేడా. జీవితమంతా లెక్కలు బాగా చేసిన పెద్దమనిషి హఠాత్తుగా చిల్లర లెక్కపెట్టలేకపోతే, ఫోన్ నంబరు నొక్కలేకపోతే అది డిస్‌కాలిక్యులియా కాదు. వచ్చిన లెక్కలు పోవడాన్ని అకాలిక్యులియా అంటారు. స్వీడన్ డాక్టరు సాలమన్ హెన్షెన్ ఆ పేరు పెట్టాడు. మెదడుకు రక్తం అందకపోవడం, అంటే పక్షవాతం, దీనికి ఒక కారణం. దానితోపాటు మూతి వంకర పోవడం, ఒక చెయ్యి జారిపోవడం, మాట తడబడడం ఉంటే మరీ తొందర. ఇవేవీ లేకపోయినా, మార్పు హఠాత్తుగా వస్తే ఆలస్యం చేయకూడదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పులికాట్ దారిలో ఆటో కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వం నుంచి ఏ సహాయం ఉంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఈ పిల్లల ఊసు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో డిస్‌కాలిక్యులియాను పేరు పెట్టి చేర్చింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఇలాంటి పిల్లలను తొందరగా గుర్తించి తగిన బోధన అందించవలసిన బాధ్యత పాఠశాలలదే అని అందులో ఉంది. కనుక బడిలో అడిగేటప్పుడు దయచేయమని కాదు, చట్టం ప్రకారం అని అడగవచ్చు. మర్యాదగానే అడగండి, టీచరుతో తగవు పెట్టుకుంటే నష్టపోయేది పిల్లే.

2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండిన తర్వాతే ఇవ్వాలని ఉండేది. 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షించాలని కూడా వాటిలో ఉండేది. ధ్రువపత్రం ఉంటే పబ్లిక్ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, రాసేవారి సహాయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు. బోర్డును బట్టి తేడాలు ఉంటాయి కనుక తొమ్మిదో తరగతిలోనే ప్రధానోపాధ్యాయుని కలవండి. పదో తరగతి హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే పని కాదు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో గణితం తీసుకోకుండా పదో తరగతి పూర్తి చేసే వీలు కూడా ఉంది. అయితే పాలిటెక్నిక్ వంటి గణితం కోరే చదువులకు ఆ దారి పనికిరాదు. అందువల్ల అది చివరి మాటగా ఉంచుకోండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు బడులకు వచ్చినప్పుడు చూడవలసిన ముప్పై సమస్యల్లో అభ్యసన లోపం ఒకటి. వారు వచ్చిన రోజున పిల్లను బడి మాన్పించకండి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచరును కలవండి. శ్రీహరికోట, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. పాత అలవాటు కొద్దీ నెల్లూరు వెళ్ళి తిరిగి రాకుండా, ధ్రువపత్రం ఎక్కడ ఇస్తారో ముందే కనుక్కోండి. చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ బహుళ వైకల్యాల సంస్థ ఉంది, నగరంలో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ ఉంది. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైలు ఉంది కనుక మన ప్రాంతం వారికి అది అంత దూరం కాదు.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే తేకండి. కార్డులో మార్కులే ఉంటాయి. పాత లెక్కల నోటుపుస్తకాలు రెండు మూడు తీసుకురండి, తప్పులు దిద్దిన ఎర్ర సిరా ఎక్కువగా ఉన్నవే తీసుకురండి. పిల్ల పుట్టినప్పటి బరువు, ఎన్నో నెలలో పుట్టింది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తండ్రి కూడా అలాగే రాసుకుని వచ్చాడు. చివరి ప్రశ్న దగ్గర కొంచెంసేపు ఆగి, "నాకూ గడియారం చూడడం పెళ్ళి దాకా రాలేదు మేడమ్" అన్నాడు.